రెండు చక్రాలు, ఒక ప్రాణం

రికార్డుల కోసం సొంత షెడ్లలో మోటార్‌సైకిళ్లు కట్టుకున్నవాళ్లకు ప్రపంచమంతా పేరొచ్చింది. బస్తర్ అడవుల్లో అదే పనితనం మనిషిని ఆసుపత్రికి చేర్చడానికి కావాలి. కానీ దారీ, డబ్బూ, చట్టమూ మూడూ కలిసిరావాలి

ఛత్తీస్‌గఢ్‌లోని బాసగూడ నుంచి జిల్లా కేంద్రమైన బీజాపూర్‌కు సుమారు 50 కిలోమీటర్లు. రోడ్డు బాగుంటే మోటార్‌సైకిల్ మీద గంట, గంటన్నర ప్రయాణం. కానీ తాలిపేరు నది ఒడ్డున ఉన్న ఈ ఊరి చుట్టుపక్కల దూరాన్ని కిలోమీటర్లలో కొలిస్తే లెక్క తప్పుతుంది. గుడిసె నుంచి రోడ్డు దాకా రావడానికి ఎంతసేపు పడుతుందన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. నొప్పులు మొదలైన గర్భిణిని, పాము కరిచిన రైతును, జ్వరంతో స్పృహ తప్పిన పిల్లవాణ్ని నులక మంచం మీద పడుకోబెట్టి, దానికి తాళ్లు బిగించి, వెదురు బొంగుకు వేలాడదీసి భుజాల మీద మోసుకురావడం బస్తర్ పల్లెలకు తరతరాలుగా అలవాటైన పని. బరువు మోస్తూ నడిచేవాళ్ల వేగం గంటకు మూడు, నాలుగు కిలోమీటర్లు దాటదు. వాగు పొంగితే అదీ ఉండదు.

ఆ మంచానికీ, తారు రోడ్డు మీద ఆగే అంబులెన్సుకూ మధ్య వాడదగ్గ వాహనం ఒక్కటే, మోటార్‌సైకిల్. కాలిబాట, పొలం గట్టు, దుంగలు పరిచిన వంతెన... ఎక్కడైనా అది దూరిపోతుంది. అందుకే దాన్ని రోగిని తీసుకెళ్లేలా మార్చే ప్రయత్నాలు బస్తర్‌లో పదేళ్లకు పైగా జరుగుతున్నాయి. 2014లో నారాయణ్‌పూర్ జిల్లాలో యునిసెఫ్ సాయంతో ‘సాథీ’ అనే స్వచ్ఛంద సంస్థ, ఆరోగ్య శాఖ కలిసి పడక అమర్చిన సైడ్‌కార్ బండిని గర్భిణుల కోసం రంగంలోకి దించాయి. 2021 జనవరి 18న రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో ‘రక్షిత’ పేరుతో బైక్ అంబులెన్సును సీఆర్‌పీఎఫ్‌కు అందజేసింది. బీజాపూర్, సుక్మా, దంతెవాడ జిల్లాల్లో గాయపడిన జవాన్లను తరలించడంలో ఎదురైన ఇబ్బందులే దాని పుట్టుకకు కారణం.

బండిని విప్పి, కోసి, అవసరానికి తగ్గట్టు మళ్లీ కట్టుకోవడం కొత్త విద్యేమీ కాదు. అయితే దానికి ప్రపంచ ఖ్యాతి తెచ్చిపెట్టింది వేగం మోజు. ఆ కథ తెలిస్తే బస్తర్ సమస్య ఎంత క్లిష్టమైందో కూడా తెలుస్తుంది.

ఉప్పు మీద పరుగు

అమెరికాలోని యూటా రాష్ట్రంలో బోనవిల్ అనే ఉప్పు మైదానం ఉంది. వేసవిలో గట్టిపడే ఆ తెల్లటి పొర మీద చెట్టూ చేమా, మలుపూ మిట్టా లేకుండా మైళ్ల కొద్దీ తిన్నగా పోవచ్చు. నేల మీద వాహనం ఎంత వేగంగా పోగలదో తేల్చే పందేలకు అది పుణ్యక్షేత్రం లాంటిది. ఇక్కడ పక్కన పోటీదారు ఉండడు. పోటీ గడియారంతోనే. ఒక దిశలో ఒకసారి, ఎదురు దిశలో మరోసారి బండిని పరిగెత్తించి, రెండింటి సగటు తీస్తారు. వెనకగాలి పుణ్యాన ఎవరూ రికార్డు కొట్టేయకుండా ఈ ఏర్పాటు.

ఈ పందేల్లో మొదటినుంచీ పెద్ద కంపెనీల కన్నా సొంత షెడ్డులో పనిచేసుకునేవాళ్లదే ప్రత్యేక స్థానం. వాళ్లలో అందరికన్నా ప్రసిద్ధుడు న్యూజిలాండ్‌లోని ఇన్వర్‌కార్గిల్‌కు చెందిన బర్ట్ మన్రో. 1920లో ఆయన ‘ఇండియన్ స్కౌట్’ అనే అమెరికన్ మోటార్‌సైకిల్ కొన్నాడు. 600 సీసీ ఇంజన్, గంటకు సుమారు 88 కిలోమీటర్ల వేగం. మిగిలిన జీవితమంతా ఆ ఒక్క బండి మీదే గడిపాడు. పిస్టన్లు తానే పోత పోసుకున్నాడు. కనెక్టింగ్ రాడ్లు చేత్తో చెక్కుకున్నాడు. విరిగిన భాగాలను షెడ్డులో అర మీద పేర్చి, వేగ దేవుడికి నైవేద్యాలని రాసిపెట్టుకున్నాడు. చేప ఆకారంలో తొడుగు చేసి బండిని అందులో ఇమిడ్చాడు. 1967లో, 68 ఏళ్ల వయసులో, 47 ఏళ్ల నాటి ఆ బండితోనే బోనవిల్‌లో వెయ్యి సీసీ లోపు విభాగంలో రికార్డు నెలకొల్పాడు. 2014లో లెక్క సరిదిద్దాక తేలిన ఆ వేగం 184.087 మైళ్లు, అంటే గంటకు 296 కిలోమీటర్లు. 2005లో ఆంథొనీ హాప్కిన్స్ ప్రధాన పాత్రలో ‘ద వరల్డ్స్ ఫాస్టెస్ట్ ఇండియన్’ సినిమా ఈయన మీద తీసిందే. పేరు చూసి మనవాడే అనుకుంటే పొరపాటు. అందులో ఇండియన్ అన్నది బండి కంపెనీ పేరు.

మన్రో ఒక్కడే కాదు. 1956లో అమెరికాలోని టెక్సస్‌కు చెందిన విమాన పైలట్ స్టార్మీ మాంగమ్ కట్టిన పొడవాటి తొడుగులో 650 సీసీ ట్రయంఫ్ ఇంజన్ పెట్టి, జానీ అలెన్ గంటకు 214 మైళ్ల వేగం అందుకున్నాడు. అంతర్జాతీయ సమాఖ్య ఆ రికార్డును గుర్తించకపోయినా ట్రయంఫ్ కంపెనీ మాత్రం తర్వాత తన మోడల్‌కు ‘బోనవిల్’ అని పేరు పెట్టుకుంది. 2010 సెప్టెంబర్‌లో రాకీ రాబిన్సన్ నడిపిన ‘ఆక్ అటాక్’ గంటకు 605.697 కిలోమీటర్లు అందుకుంది. దాన్ని కట్టిన మైక్ అకటిఫ్ రెండు సుజుకీ హయబూసా ఇంజన్లను ఒకే తొడుగులో బిగించాడు.

మన దేశానికి చెందిన రాయల్ ఎన్‌ఫీల్డ్ కూడా ఆ ఉప్పు మీద అడుగు పెట్టింది. 2018లో కేలా రివాస్ అనే 18 ఏళ్ల అమెరికన్ అమ్మాయి కాంటినెంటల్ జీటీ 650ని మార్చిన బండి మీద గంటకు 150 మైళ్లకు పైగా వేగం సాధించింది. రన్ ఆఫ్ కచ్‌లో ఉప్పు మైదానం ఉన్న దేశంలో తయారయ్యే బండి వేగం తేల్చుకోవడానికి యూటా దాకా వెళ్లాల్సి వచ్చింది.

గాలితో యుద్ధం

ఈ బళ్లన్నీ చేపలా, సిగార్‌లా ఎందుకుంటాయన్నదానికి సమాధానం గాలి. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. దాన్ని గెలవడానికి కావలసిన ఇంజన్ శక్తి ఎనిమిది రెట్లవుతుంది. గంటకు 100 కిలోమీటర్ల దగ్గర తేలిగ్గా పరిగెత్తే బండి 200 దగ్గర చతికిలపడటానికి కారణం ఇదే. ఇంజన్‌ను ఎంత పెంచినా ఒక హద్దు తర్వాత లాభం లేదు. గాలికి ఎదురయ్యే వైశాల్యాన్ని తగ్గించాలి, వెనక గాలి సుడులు తిరగకుండా తోకను సన్నగా సాగదీయాలి. అందుకే నడిపేవాణ్ని కాళ్లు ముందుకు చాపి దాదాపు పడుకోబెట్టి, పైన తొడుగు మూసేస్తారు.

ఆ సుఖానికి మూల్యం ఉంది. పూర్తిగా మూసిన తొడుగు పక్కగాలికి తెరచాపలా పట్టుకుంటుంది. గాలి నెట్టే బిందువు బండి బరువు కేంద్రానికి వెనక ఉంటేనే అది బాణంలా తిన్నగా పోతుంది. ముందుంటే తిరగబడుతుంది. హ్యాండిల్ కొద్ది డిగ్రీలే తిరుగుతుంది. కాళ్లు లోపల ఉంటాయి కాబట్టి ఆగేటప్పుడు బండి పడిపోకుండా పక్కల నుంచి బయటికొచ్చే ఊతకాళ్లు కావాలి. బ్రేకులు చాలవు, పారాచూట్ కావాలి. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ప్రాణాలు పోతాయి. ఎన్నో ఏళ్లు తన చేతులతో బండి కట్టుకున్న శామ్ వీలర్ 2016లో బోనవిల్‌లోనే ప్రమాదంలో మరణించాడు. 2020లో అక్కడే పడిపోయిన రాల్ఫ్ హడ్సన్ ఆ గాయాలతోనే కన్నుమూశాడు.

అయితే వాళ్లు తీసుకున్నది తమ ప్రాణాలకు సంబంధించిన నిర్ణయం. దారి తిన్నగా ఉంది. ఎదురు ఎవరూ రారు. పక్కనే అంబులెన్సు సిద్ధంగా ఉంటుంది. బస్తర్‌లో బండి కట్టేవాడికి ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. ఆ పైన, బండి ఎక్కే మనిషి లేవలేని స్థితిలో ఉంటాడు.

తెగిన దారి

బాసగూడ ఒకప్పుడు పేరున్న సంత ఊరు. ఇక్కడి నుంచి జగర్‌గుండ మీదుగా వెళ్లే దారి దక్షిణ బస్తర్‌కు వాణిజ్య మార్గం. తాలిపేరు ఇక్కడి నుంచి దిగువకు పారి తెలంగాణలోని చర్ల దగ్గర ప్రాజెక్టును నింపి గోదావరిలో కలుస్తుంది. మిరప కోతల కాలంలో ఇక్కడి కూలీలు అటే వెళతారు. ఈ ప్రాంతంలో తెలుగు పరాయి భాష కాదు.

2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొందరిని శిబిరాలకు తరలించారు, మరికొందరు సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లో తలదాచుకున్నారు. గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలైలో తేల్చింది. 2012 జూన్ 28 రాత్రి బాసగూడ పక్కనే ఉన్న సార్కెగూడలో బలగాల కాల్పుల్లో 17 మంది గ్రామస్థులు చనిపోయారు. వారు మావోయిస్టులనడానికి ఆధారాల్లేవని న్యాయ విచారణ కమిషన్ నివేదిక 2019లో బయటపెట్టింది. 2021 ఏప్రిల్ 3న ఇదే దారికి సమీపంలోని టేకులగూడెం వద్ద మావోయిస్టుల దాడిలో 22 మంది జవాన్లు చనిపోయారు. మరుసటి నెలలో సిల్గేర్‌లో క్యాంపు వద్దంటూ గుమిగూడిన జనంపై కాల్పులు జరిగాయి.

ఇంత రక్తం పారిన చోట రోడ్డు అనే మాటకు రెండు అర్థాలు ఏర్పడ్డాయి. రోడ్డంటే ఆసుపత్రికి దారి. రోడ్డంటే బలగాలు వచ్చే దారి కూడా. అందుకే మావోయిస్టులు దాన్ని తవ్వారు, మందుపాతరలు పెట్టారు. ప్రభుత్వం క్యాంపు తర్వాత క్యాంపు పెడుతూ దాన్ని పొడిగించింది. 2025 జనవరి 6న బీజాపూర్ జిల్లాలోనే మందుపాతర పేలి ఎనిమిది మంది జవాన్లు, వాహనం డ్రైవర్ చనిపోయారు. అదే ఏడాది మే నెలలో మావోయిస్టు అగ్రనేత నంబాళ కేశవరావు నారాయణ్‌పూర్ అడవుల్లో జరిగిన ఎదురుకాల్పుల్లో హతమయ్యాక యుద్ధం తీరు మారిపోయింది. తారు రోడ్లు లోపలికి చొచ్చుకొచ్చాయి. కానీ తారు ఆగిన చోటు నుంచి గుడిసె గడప దాకా ఉండే చివరి కిలోమీటర్ల సమస్య తుపాకులు మౌనం వహించినంత మాత్రాన తీరిపోదు.

మంచం నుంచి సీటు దాకా

మోటార్‌సైకిల్‌పై రోగిని తీసుకెళ్లడానికి ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి. మొదటిది సైడ్‌కార్. బండి పక్కన మూడో చక్రం మీద పడక అమర్చుతారు. రోగి పూర్తిగా పడుకోవచ్చు, గర్భిణికి ఇదే మేలు. కానీ సైడ్‌కార్ తగిలించాక అది మోటార్‌సైకిల్‌లా నడవదు. మలుపులో బండిని వంచలేరు. బ్రేకు వేస్తే ఒక పక్కకు లాగుతుంది. మన దేశంలో సైడ్‌కార్ ఎడమ వైపు ఉంటుంది కాబట్టి ఖాళీగా ఉన్నప్పుడు ఎడమకు వేగంగా తిప్పితే మూడో చక్రం గాల్లోకి లేస్తుంది. అన్నిటికీ మించి, దారి మూడు చక్రాలకూ సరిపడా వెడల్పు ఉండాలి. గట్టు మీదా, సన్నటి కాలిబాట మీదా ఆ బండి పోలేదు.

రెండో పద్ధతి రక్షితది. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 తీసుకుని, వెనక సీటు స్థానంలో వెనక్కి వాలే కుర్చీ అమర్చారు. తల కదలకుండా పట్టు, చప్పున బిగించే జాకెట్ లాంటి కట్టు, చేతులకూ కాళ్లకూ పట్టీలు, పొడవును బట్టి సర్దుకునే ఫుట్‌రెస్టు ఉంటాయి. రోగి శరీర స్థితిని కొలిచే పరికరం వైర్లు లేకుండా నడిపేవాడి ముందున్న తెరకు సమాచారం పంపిస్తుంది. పరిస్థితి విషమిస్తే హెచ్చరిస్తుంది. విరిగిన ఎముకలకు గాలితో నింపే కట్టు, ఆక్సిజన్ కిట్టు కూడా ఉన్నాయి. ఢిల్లీలోని డీఆర్‌డీవో ప్రయోగశాల ఇన్మాస్ రూపొందించిన ఈ బళ్లను తొలి విడతలో 21 అందించారు. ఒకే జాడలో పోతుంది కాబట్టి మామూలు బండి వెళ్లే చోటల్లా ఇదీ వెళుతుంది.

దీనికీ ఇబ్బందులున్నాయి. వెనక బరువు పెరిగితే ముందు చక్రం తేలికై హ్యాండిల్ మీద పట్టు తగ్గుతుంది. గుంత దగ్గర అదుపు తప్పితే ఇద్దరూ పడతారు. రోగిని చూసుకుంటూ పక్కన కూర్చునేందుకు మూడో మనిషికి చోటు లేదు. నొప్పులు పడుతున్న తల్లికి వాలు కుర్చీ చాలదు. ఛత్తీస్‌గఢ్‌లో 2002 నుంచి పల్లెల్లో పనిచేస్తున్న ఆరోగ్య కార్యకర్త మితానిన్ వెంట వెళ్లాలంటే ఇంకో బండి కావాలి. బోనవిల్‌లో బండి కట్టేవాడు ఒక్క లక్ష్యం కోసం మిగతావన్నీ వదులుకోవచ్చు. ఇక్కడ ఏదీ వదులుకోవడానికి వీల్లేదు. రోగికి కుదుపు తగలకూడదు, బండి వెడల్పు పెరగకూడదు, బరువు పెరగకూడదు, ఊళ్లో మెకానిక్ బాగు చేయగలగాలి. ఇంజనీరింగ్ పరంగా చూస్తే ఇదే కష్టమైన పరీక్ష.

పాత 350 ఇంజన్‌ను ఎంచుకోవడంలో ఒక తర్కం ఉంది. తక్కువ వేగంలోనే ఎక్కువ లాగుడు శక్తినిచ్చే ఇంజన్ అది. ఇద్దరి బరువుతో రాళ్ల ఎత్తు ఎక్కాలంటే కావలసింది అదే. ఇక్కడి దారిలో గంటకు పాతిక కిలోమీటర్లు పోగలిగితే గొప్ప. అయినా మంచం మోసేవాళ్ల నడకతో పోలిస్తే అది ఆరేడు రెట్లు. 15 కిలోమీటర్ల దారిలో నాలుగు గంటల నడక ముప్పావు గంట లోపు ప్రయాణమవుతుంది. కాన్పు తర్వాత రక్తస్రావమవుతున్న తల్లికి ఆ తేడా ప్రాణంతో సమానం.

మన ఏజెన్సీలోనూ అంతే

ఈ కథ బస్తర్‌తో ఆగిపోదు. 2005 ఆగస్టులో హైదరాబాద్‌లో మొదలైన 108 సేవ దేశానికి ఆదర్శమైంది. కానీ 108 రోడ్డు దాకానే వస్తుంది. ఉత్తరాంధ్ర, గోదావరి మన్యాల్లో అక్కడి నుంచి డోలీయే దిక్కు. ఈ ఖాళీని పూరించడానికి 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గిరిజన ప్రాంతాల కోసం 122 ఫీడర్ అంబులెన్సులను, అంటే రోగిని 108 దాకా చేర్చే మోటార్‌సైకిళ్లను, ప్రారంభించింది. ఏడేళ్ల తర్వాత, 2025 ఏప్రిల్‌లో, డోలీ మోతలు లేకుండా చేస్తామంటూ అదే ప్రభుత్వం వెయ్యి కోట్ల రూపాయలకు పైగా ఖర్చుతో ‘అడవితల్లి బాట’ రోడ్ల కార్యక్రమం చేపట్టింది. బళ్లు ఇచ్చినంత మాత్రాన డోలీ పోలేదని దీన్నిబట్టే తెలుస్తోంది.

ప్రభుత్వం కన్నా ముందే ఈ పని చేసినవాడు పశ్చిమ బెంగాల్‌లోని జల్పాయిగుడి జిల్లా తేయాకు తోటల కార్మికుడు కరీముల్ హక్. అంబులెన్సు దొరక్క తల్లిని పోగొట్టుకున్నాక, జబ్బుపడ్డ తోటి కార్మికుణ్ని తన వీపుకు కట్టుకుని బైక్ మీద ఆసుపత్రికి చేర్చాడు. అదే అలవాటై వేల మందిని అలా తీసుకెళ్లాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ దక్కింది. ఆయన దగ్గర ప్రయోగశాల లేదు. తన బండి ఉంది, దాన్ని అవసరానికి వాడాలన్న పట్టుదల ఉంది.

చట్టం ఏమంటోంది?

ఇక్కడే అసలు చిక్కు. కంపెనీ నుంచి వచ్చిన వాహనం స్వరూపాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ నిషేధిస్తోంది. వికలాంగుల కోసం చేసే మార్పుల వంటి కొన్నిటికే మినహాయింపు. తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా వాహనాన్ని మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ విధించే వీలు కల్పించారు.

నగరాల్లో సైలెన్సర్లు మార్చి చెవులు చిల్లులు పొడిచే కుర్రకారును చూస్తే ఆ కఠినత్వం సమంజసమే. పక్కా రోడ్డు మీద సొంత తొడుగుల బండి పరిగెత్తితే చచ్చేది నడిపేవాడొక్కడే కాదు. కానీ అదే చట్టం ప్రకారం, తన బండికి పడక వెల్డింగ్ చేయించుకుని ఊరివాళ్లను ఆసుపత్రికి చేర్చే గిరిజన యువకుడు కూడా నేరస్థుడే. పైగా ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చేతులెత్తేసే అవకాశం ఉంది. బోనవిల్‌లో ఈ సమస్యకు పరిష్కారం వెతుక్కున్నారు. బండిని ప్రజల రోడ్డు మీదికి రానివ్వరు. కానీ సొంతంగా కట్టుకునే స్వేచ్ఛ ఉంటుంది. పరుగుకు ముందు నిర్వాహకులు ప్రతి బోల్టూ తనిఖీ చేస్తారు. స్వేచ్ఛ, తనిఖీ రెండూ ఒకే చోట ఉన్నాయి.

మన దగ్గర అలాంటి మధ్యేమార్గం కావాలి. డీఆర్‌డీవో దగ్గర పరీక్షించిన నమూనా ఉంది. నారాయణ్‌పూర్ అనుభవం ఉంది, ఆంధ్రప్రదేశ్ చేసిన ప్రయోగం ఉంది. ఈ మూడింటి నుంచి ఒక ప్రామాణిక నమూనా తయారు చేసి, ఆమోదించి, దాని కొలతలు జిల్లా కేంద్రాల్లోని వర్క్‌షాపులకు ఇస్తే బాసగూడ లాంటి చోట ఉన్న బండికే తగిలించుకోవచ్చు. నడిపేవాడికి ప్రథమ చికిత్సలో శిక్షణ, ట్రిప్పుకు ఇంత అని నెలనెలా అందే డబ్బు, పంక్చర్ పడితే వెంటనే దొరికే ట్యూబు... ఇవి లేకపోతే ఎంత మంచి బండైనా ఆరు నెలల్లో ఆసుపత్రి ఆవరణలో తుప్పు పడుతుంది.

రోడ్లు వచ్చేస్తున్నాయి కదా, ఇంకా ఈ బళ్లెందుకన్న వాదన ఉంది. తాలిపేరు అవతలి గూడేలన్నిటికీ తారు పడేదాకా ఆ వాదనకు అర్థం లేదు. ఒక్కో వానాకాలమూ ఆ దారుల్లో మంచాలు కదులుతూనే ఉంటాయి. మన్రోకు 47 ఏళ్ల సమయం దొరికింది. వెదురు బొంగు భుజాన వేసుకున్నవాళ్లకు అంత వ్యవధి లేదు.